పచ్చ దీపం వెలిగేదాకా

ఆ రోజు చెయ్యాల్సిన పని చాలా చిన్నది. సాయంత్రం కోడలి చెల్లెలి పెళ్లి విందు. దానికోసం కోడలు తన చేత్తో చేసిన రెండంతస్తుల క్రీము కేకు అట్టపెట్టెలో పెట్టి ఉంది, ఆ పెట్టె బండిలోని ఫ్రిజ్‌లో ఉంది. బండెక్కి అరగంట దూరంలో ఉన్న హాలుకి వెళ్లాలి, విందు వేళ దాకా కేకును ఆ ఫ్రిజ్‌లోనే చల్లగా కాచుకోవాలి, తీసి బల్ల మీద పెట్టాలి. అంతే. ఇంతకంటే తేలిక పనులు పాడుచేసిన చరిత్ర ఆ ఇంటికి ఉంది గనక, ఈసారి ఎవరికి వాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడ్డారు. కొంప ముంచింది ఆ జాగ్రత్తే.

బండి సంగతి ముందు చెప్పుకోవాలి. మామగారు గడియారాలు బాగుచేసే మనిషి. చేతులు ఊరుకోక, ఒకప్పుడు బ్రెడ్డు మోసిన పాత వ్యాను కొనుక్కొచ్చి, అందులో రెండు బల్లమంచాలు, ఒక పొయ్యి, ఒక ఫ్రిజ్, ఒక ఫ్యాను బిగించి కదిలే ఇల్లు చేశారు. దానికి బ్యాటరీలు మూడు. ముందున్నది ఇంజను స్టార్టు చెయ్యడానికి. మంచం కింద ఉన్న జంట బ్యాటరీలు ఫ్రిజ్‌కీ ఫ్యానుకీ దీపాలకీ. చూడవచ్చిన ప్రతివాళ్లకీ ఆయన వాటి కథ చెప్పేవారు.

"ముందున్నది అత్తగారనుకోండి, వెనకవి కోడళ్లు. ఇంజను తిరుగుతుంటే మొదటి వడ్డన అత్తగారికి. ఆవిడ కడుపు నిండాకే కోడళ్లకి. కోడళ్లు ఎంత ఆకలిగా ఉన్నా అత్తగారి కంచంలో చెయ్యి పెట్టకుండా మధ్యలో తలుపు పెట్టాను."

"ఆ తలుపేదో మనింట్లో కూడా పెట్టించండి," అనేవారు అసలు అత్తగారు. కోడలు వంటింట్లోకి వెళ్లి నవ్వుకునేది.

కోడళ్లకి తిండి పెట్టే దారులు మూడున్నాయి. ఇంట్లో ఉన్నప్పుడు వసారాలోని ప్లగ్గు నుంచి వైరు, దారిలో ఇంజను, ఎండ ఉంటే బండి నెత్తిన బిగించిన నల్లటి సోలార్ పలక. డ్రైవరు పక్కన చిన్న పెట్టె ఒకటుంది. అందులో ఎర్రదీపం వెలిగితే ఆకలి, పచ్చదీపం వెలిగితే కడుపు నిండినట్టు. పలక ఎంత పోస్తోందో చూపే ముల్లు కూడా ఉంది.

ఈ వైభవమంతా అత్తగారి కంటికి ఆనలేదు. పోయినసారి షికారుకి వెళ్లినప్పుడు ఫ్రిజ్ మధ్యదారిలో ఊపిరి వదిలేసి, పాలు విరిగి, బండంతా కంపు కొట్టింది. ఆ కంపు దుస్తులకి పట్టి, వారం దాకా పలకరించినవాళ్లందరూ ముక్కు అటు తిప్పుకున్నారు. అందుకే ముందురోజు కేకు ఎక్కించేటప్పుడు ఆవిడ అందరూ వింటుండగా అన్నారు: "ఇదే ఆఖరు. ఆ పిల్ల కష్టం కరిగిందో, మర్నాడు పొద్దున్నే పాత సామాన్లవాణ్ణి పిలుస్తా. బండి వాడిది. మీరు ఒక్క మాట మాట్లాడడానికి లేదు."

"మాట్లాడను," అన్నారు మామగారు. అనేశాక రాత్రి ఆయనకి అన్నం సయించలేదు.

తెల్లారింది. అత్తగారు అప్పటికే పెళ్లికూతురి మేనమామ కారులో హాలుకి వెళ్లిపోయారు, వంటవాళ్లకి సాయం చేస్తానంటూ. వెళుతూ ఒక పెద్ద సంచీ ఒళ్లో పెట్టుకుని, డిక్కీలో పెడతానన్నా ఇవ్వలేదట. ఆ సంచీ గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆవిడ సంచీలు ఎప్పుడూ అంతే.

మామగారు పళ్లు తోముకుంటూ బండిలోకి తొంగిచూసి, అక్కడే ఆగిపోయారు. ఎర్రదీపం!

"రాత్రంతా వైరు పెట్టి ఉంచానురా! పచ్చగా ఉండాలి కదా!" అన్నారు కొడుకుతో.

"ప్లగ్గు వదులయిందేమో నాన్నా."

"వదులవడానికి అదేమన్నా నీ చదువా? పోనీలే, ఎండ మండిపోతోంది. పైన పలక ఉంది. మధ్యాహ్నానికల్లా అదే నింపుతుంది." ఇలా తనకి తాను ధైర్యం చెప్పుకుని స్నానానికి వెళ్లారు.

సరిగ్గా ఆ స్నానం వేళ కోడలు బండి వెనక బిగించిన నిచ్చెనెక్కింది. ఎండ చూస్తే ఆ పిల్లకి కేకు గుర్తొచ్చింది, కేకు గుర్తొస్తే గుండె దడ. బండి నెత్తి కాలిపోతుంటే లోపల ఫ్రిజ్ మాత్రం ఏం చేస్తుంది? బీరువాలోంచి పూలపూల మందపాటి దుప్పటి తెచ్చి పైకప్పంతా పరిచి, నాలుగు మూలలా తాడుతో కట్టేసింది. మధ్యలో నల్లటి అద్దంలాంటిది కనిపించింది. ఎండ లోపలికి దిగేది దీంట్లోంచేనని, దాని మీద మరీ శ్రద్ధగా రెండు మడతలు వేసింది. పైన ఉన్నది కిటికీయో పలకో ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. మామగారి ఉపన్యాసమంతా మంచం కిందే ఆగిపోయేది.

బండి కదిలింది. కొడుకు నడుపుతున్నాడు. పక్కన మామగారు చిన్న పెట్టె మీంచి చూపు తిప్పడం లేదు. వెనక కోడలు, నిద్రపోయే బిడ్డని చూసుకున్నట్టు ఫ్రిజ్ మూత మీద చెయ్యేసి కూర్చుంది. మూత తెరిస్తే చల్లదనం పోతుందని, హాలు చేరేదాకా ఎవరూ ముట్టుకోవద్దని ఆ పిల్ల ముందే ఆజ్ఞ వేసింది.

"పలక నుంచి ఒక్క చుక్క రావట్లేదురా!" అన్నారు మామగారు గొంతు తగ్గించి. "ఇంత ఎండలో సున్నా! చచ్చిందనుకుంటా."

"మెల్లగా నాన్నా. వెనక వింటే ఏడుస్తుంది."

హాలు కనిపించింది. గేటు దగ్గర పెళ్లికూతురి తండ్రి రెండు చేతులూ చాచి, మొహమంతా నవ్వుతో నిలబడి ఉన్నాడు.

"ఆపకు!" అన్నారు మామగారు. "ఇప్పుడు ఆపితే ఫ్రిజ్ మధ్యాహ్నం దాకా కూడా నిలవదు. హాలు వాళ్లు బండికి కరెంటు ఇచ్చేది లేదన్నారు. పచ్చ దీపం వెలిగేదాకా తిప్పు."

"నిలబెట్టి ఇంజను నడిపితే సరిపోదూ?"

"నిలబడితే వచ్చేది చారెడు, పరిగెత్తితే దోసెడు. తిప్పు!"

బండి గేటు ముందునుంచి సాగిపోయింది. మామగారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, 'ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు' అన్నట్టు ఊపారు. పెళ్లికూతురి తండ్రి చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి.

హాలు చుట్టూ రోడ్డుంది. రెండో చుట్టుకి గేటు దగ్గర పదిమంది పోగయ్యారు. బండి వచ్చింది, చెయ్యి ఊగింది, బండి పోయింది. మూడో చుట్టుకి హాలంతా ఒకటే మాట: పెద్దమ్మాయి అత్తింటివాళ్లు అలిగారు.

"నేను చెప్పానా, ఇంటికెళ్లి పిలవమని!" అంటోంది పెళ్లికూతురి తల్లి మొగుడితో. "ఫోనులో పిలిస్తే ఎవరికి మాత్రం మండదు?"

"బావగారు అలాంటి మనిషి కాదే..."

"కాకపోతే ఆ చెయ్యి ఊపడమేంటి? మీ మొహం చూడను పొమ్మనేగా!"

పెళ్లికొడుకు మేనత్త ఇదంతా విని బుగ్గలు నొక్కుకుంది. "పెద్దపిల్ల అత్తింటివాళ్లే గుమ్మం తొక్కడం లేదంటే లోపల ఏముందో! మన పిల్లాణ్ణి తొందరపడి ఇచ్చేశామా ఏమిటి?" ఆ మాట పెళ్లికూతురి చెవిన పడింది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటే కాటుక చెంపల దాకా వచ్చింది.

వంటింట్లో ఉన్న అత్తగారికి కబురు అందింది. వాళ్లు ఎందుకు అలిగారో ఆవిడకి తెలుసు. చీకటి విడకముందే ఆవిడ బండిలోని పెట్టెలోంచి కేకు తీసి, ఆ స్థానంలో సరిపడే బరువున్న పుచ్చకాయ పెట్టి, మూత మూసి వచ్చారు. కేకు ఆ సంచీలో హాలుకి చేరి, వంటింట్లోని పెద్ద ఫ్రిజ్‌లో కూర్చుంది. వీళ్లు ఫ్రిజ్ తెరిచి పుచ్చకాయ చూసుకున్నారు, ఇంకేముంది!

ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని రోడ్డు మీదకి పరిగెత్తారు. మలుపు దగ్గర బండి నెమ్మదించగానే తలుపు లాగి ఎక్కేశారు. "సరే, నాదే తప్పు! ఇంతమందిలో పరువు తీస్తారా? దిగండి!"

"నీ తప్పేమిటి?" అన్నారు మామగారు అయోమయంగా. "ఎర్రదీపం ఉంది, బ్యాటరీ నింపుతున్నాం."

అత్తగారు కోడలి వైపు చూశారు. కోడలి చెయ్యి ఇంకా ఫ్రిజ్ మూత మీదే ఉంది. పాపం, పిల్లకి ఏమీ తెలియదు. నోటిదాకా వచ్చిన మాటని ఆవిడ గుటక వేసి మింగేశారు.

"నాది తప్పంటే... మిమ్మల్ని తొందరగా రమ్మనడం," అన్నారు. "అయినా అంత అవసరం లేదులెండి, ఆపెయ్యండి. కేకుకి ఏమీ కాదు."

"మీకెలా తెలుసు అత్తయ్యా?" అంది కోడలు.

"అనిపిస్తోంది."

"రాత్రంతా వైరు పెట్టి ఉంచితే పొద్దుటికి ఖాళీ," అని మామగారు వాపోయారు. "వసారా ప్లగ్గుకి ఏమొచ్చిందో!"

వసారా ప్లగ్గు అనగానే అత్తగారికి ఇంకోటి గుర్తొచ్చింది. ఎర్రగా వెలిగే స్విచ్చు ఏదయినా కరెంటు తాగేస్తుందని ఆవిడ నమ్మకం. ఏ గదిలోంచి వచ్చినా అలవాటుగా అన్నీ ఆపి రావడం ఆవిడ చేతికి పట్టిన పని. నిన్న పొద్దుగూకాక వసారాలో కూడా ఏదో ఎర్రగా వెలిగింది. ఆవిడ కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చుండిపోయారు.

తరువాతి చుట్టుకి పెళ్లికూతురి తండ్రి రోడ్డు మధ్యలో అడ్డంగా నిలబడ్డాడు. పక్కన కాటుక చెదిరిన పెళ్లికూతురు, వెనకాల హాలంతా. కొడుకు బ్రేకు వేశాడు.

"బావగారూ, ఇంటికొచ్చి పిలవకపోవడం మాదే పొరపాటు. అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. దిగండి."

"పిలుపేమిటండీ మధ్యలో! పక్కకి జరగండి, పలక చచ్చింది, ఇంజను ఆగకూడదు!"

మేనత్త ముందుకొచ్చి బండిని ఎగాదిగా చూసింది. "ఇంత కోపంలోనూ బండికి పూల దుప్పటి కప్పుకుని మరీ వచ్చారే! ముచ్చటగానే ఉంది."

"దుప్పటా?"

మామగారు ఆ పూట మొదటిసారి నేల మీద కాలు పెట్టి, తలెత్తి చూశారు. కోడలు వెనక తలుపులోంచి దిగి, "కేకుకి ఎండ తగలకూడదని నేనే, మామయ్యగారూ... ఆ కిటికీ మీద రెండు మడతలు కూడా వేశాను," అంది.

ఆయన బండి వెనక్కి నడిచారు. నిచ్చెనెక్కి తాళ్లు విప్పారు. దుప్పటి కిందకి జారిన కాసేపటికి, చుట్టూ తిరిగిన తిరుగుడుకి పలక సాయం కూడా తోడయి, పచ్చదీపం టక్కున వెలిగింది. అలక కథ కూడా అక్కడే తేలిపోయి, జనం పకపకా నవ్వారు. మామగారి ఛాతీ పొంగింది. "రండి, అందరూ చూడండి! పట్టుకుంటే వేలు జిల్లుమనాలి!" అంటూ ఫ్రిజ్ మూత తెరిచారు.

"ఇప్పుడు తెరవడం ఎందుకండీ..." అన్నారు అత్తగారు. ఎవరూ వినలేదు.

పెట్టెలో పచ్చగా, నున్నగా, జిల్లుమంటూ పుచ్చకాయ.

కోడలు దాన్ని వేలితో తాకి చూసింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసి అత్తగారు ఇక దాచలేక అంతా కక్కేశారు. కక్కేశాక మెల్లగా గొంతు పెరిగింది కూడా. "ఈ డొక్కుని నమ్మలేకే మార్చాను. నమ్మకపోవడం మంచిదయింది! దుప్పట్లేమిటి, ఈ తిరుగుళ్లేమిటి! నా కేకు హాయిగా హాలు ఫ్రిజ్‌లో ఉంది. రండి చూపిస్తాను. రేపు పాత సామాన్లవాడు రావడం ఖాయం."

అందరూ ఆవిడ వెనకే వంటింట్లోకి నడిచారు. మామగారు చివరన, తలొంచుకుని. ఆవిడ విలాసంగా ఫ్రిజ్ తలుపు తీశారు. లోపలి నుంచి వెచ్చటి ఆవిరి మొహానికి కొట్టింది. పై అంతస్తు కింది అంతస్తులోకి కూర్చుండిపోయింది. క్రీము అరల మీదుగా కారి నేల దారి పట్టింది.

"ఇదెవరు ఆపారు?" అని అరిచారు అత్తగారు.

వంటమనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "మీరేనమ్మా. పొద్దున్న కేకు పెట్టి వెళుతూ, ఎర్రగా వెలుగుతోందని స్విచ్చు కట్టేశారు. ఇలా వదిలేసి కూర్చుంటారా అని నన్ను నాలుగు దులిపారు కూడా. మళ్లీ వేస్తే మళ్లీ తిడతారని నేను దాని జోలికి పోలేదు."



కోడలే ముందు తేరుకుంది. బండి ఫ్రిజ్‌లో అడుగున, అలంకారానికని తెచ్చిన క్రీము గిన్నె గడ్డకట్టినంత చల్లగా ఉంది. పుచ్చకాయ పైచెక్కు చెక్కి, చుట్టూ క్రీముతో పూలు దిద్ది, పైన పండ్లముక్కలు పేర్చింది. సాయంత్రం ఆ ఉక్కపోతలో పెళ్లికూతురు కత్తి దింపి మొదటి ముక్క నోట్లో పెట్టగానే పెళ్లికొడుకు కళ్లు మూసుకున్నాడు. మేనత్త మూడుసార్లు వడ్డించుకుని, "ఇలాంటి ఆలోచన ఎవరిదండీ?" అని అడిగింది.

"మా ఆవిడదే," అన్నారు మామగారు.

మర్నాడు పొద్దున్నే, అత్తగారు ముందే పంపి ఉంచిన కబురు ప్రకారం, పాత సామాన్లవాడు తోపుడుబండితో గుమ్మంలోకి వచ్చాడు. మామగారు చేతిలోని గడియారం మీంచి తలెత్తలేదు. మాట్లాడనని మాటిచ్చారు కదా, మాట్లాడలేదు. అత్తగారు వాకిట్లోకి వెళ్లి బండి వైపు ఒకసారి, సామాన్లవాడి వైపు ఒకసారి చూశారు.

"ఇక్కడేమీ లేవు, వెళ్లవయ్యా," అన్నారు.

ఇప్పటికీ వసారాలో ఆ స్విచ్చు ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది. ఆవిడ దాని పక్కనుంచి వచ్చేటప్పుడు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నడుస్తారు.