సోల్వే లెక్కలు మానేసిన శీతాకాలం

ఆ సోమవారం పొద్దున సోల్వే వేసుకున్న పథకం చాలా చిన్నది. బడికి వెళ్లాలి, కాల్క్యులస్ క్లాసు మానుకోవాలి, చెక్కపని క్లాసులో చేరాలి. మధ్యాహ్నం భోజనానికల్లా పని అయిపోతుందనుకుంది. హైస్కూలు చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు ఏ పనైనా భోజనానికల్లా అయిపోతుందనే అనుకుంటారు.

మిన్నెసోటాలోని మా కెస్టర్ లేక్ బడిలో ఏటా జనవరిలో చెక్కపని పిల్లలు దేవదారుతో ఒక పడవ కట్టడం మొదలుపెడతారు. మంచు కరిగాక దాన్ని సరస్సులోకి దింపుతారు. మూడేళ్లుగా సోల్వే ఆ గది కిటికీకి ముక్కు ఆనించి చూస్తూనే ఉంది. ఈసారి కాకపోతే ఇంకెప్పుడూ కాదు. తీరా చూస్తే పడవా, కాల్క్యులసూ ఒకే గంటలో పడ్డాయి.

"మార్చుకోవచ్చమ్మా," అంది విద్యార్థులకు సలహాలిచ్చే మిసెస్ వాంగ్. "కానీ బెర్గన్‌హోమ్ కాలేజీకి నువ్వు పంపిన దరఖాస్తులో ఏడాదంతా కాల్క్యులస్ అని ఉంది. మార్చినట్టు వాళ్లకి నేను రాయాలి, కారణం కూడా చెప్పాలి. బద్ధకంతో వదిలేసిందనుకున్నారంటే సీటు గోవిందా! ముందు టాలెఫ్‌సన్ మాస్టారితో మాట్లాడిరా."

సోల్వేకి ఆ కాలేజీ అంటే ప్రాణం. పడవన్నా ప్రాణమే. ఆ రెంటికీ మధ్య టాలెఫ్‌సన్ మాస్టారు నిలబడి ఉన్నాడు. ఆయన మహా మెత్తని మనిషి. ఎవరు క్లాసు మానేసినా తప్పు తనదేనని దిగులుపడి వారం రోజులు సుద్దముక్క కూడా గట్టిగా పట్టుకోడు. పైగా మా ఊళ్లో ఎవరూ ఎవరినీ మొహం మీద కాదనరు. రెండో ముక్క కేకు వద్దనడానికి మూడుసార్లు క్షమాపణ చెప్పుకునే జనం మేము.

"మీ క్లాసంటే ఇష్టమే మాస్టారూ," అంది సోల్వే, నేలచూపులు చూస్తూ. "కాకపోతే ఇంట్లో కొంచెం... ఈ చలికాలం నాన్నకి తోడుగా ఉండాలి."

ఏమైందని ఆయన అడగలేదు. అడగడం మా ఊళ్లో అమర్యాద. ముందు రోజే ఆయన పెట్రోలు బంకు దగ్గర ఆమె తండ్రి ఆర్లెన్‌ను చూశాడు. గుండు, గడ్డం లేని మొహం, వదులైన ప్యాంటు. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టే పోటీలో పందెం ఓడిపోయి ఆర్లెన్ గుండు కొట్టించుకున్నాడని, పొట్ట తగ్గించుకుందామని డోనట్లు మానేశాడని పాపం ఆయనకేం తెలుసు? ఇది ప్రాణం తీసే జబ్బేనని తేల్చుకుని, కళ్లు తుడుచుకుని సంతకం పెట్టేశాడు.

ఆ సంగతి ఆయన ఒక్క పక్కింటావిడ మార్లిస్‌కి మాత్రమే చెప్పాడు. మా ఊళ్లో ఒక్క మార్లిస్‌కి చెబితే చాలు. బుధవారానికి ఆర్లెన్ గుమ్మంలో హాట్‌డిష్‌ల వరస మొదలైంది. హాట్‌డిష్ అంటే ఒకే పళ్లెంలో ఓవెన్‌లో కాల్చిన వంటకం: పైన ఉర్లగడ్డ ముక్కలు, కింద మాంసం, మధ్యలో పుట్టగొడుగుల సూపు. ఎవరింట్లో కష్టం వచ్చినా మాకు తెలిసిన ఓదార్పు అదొక్కటే. తలుపు కొట్టడం, పళ్లెం చేతిలో పెట్టడం, "ధైర్యంగా ఉండు ఆర్లెన్" అని వెళ్లిపోవడం.

సోల్వే తల్లి మిన్నెసోటా చలికి, మొగుడికి ఒకేసారి విడాకులిచ్చి అరిజోనా వెళ్లి చాలా కాలమైంది. వండిపెట్టే దిక్కులేని ఆర్లెన్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"చూశావా తల్లీ! ఏళ్ల తరబడి వీళ్ల వాకిళ్లలో మంచు ఊరికే తోసిపెడుతున్నానా, ఇన్నాళ్లకి విశ్వాసం పుట్టింది! పోటీలో ఓడిపోయినందుకు ధైర్యం కూడా చెబుతున్నారు!"

సోల్వేకి అనుమానం వచ్చింది. మర్నాడు మార్లిస్ వచ్చి, "మీ నాన్న ముందు ఏడవకమ్మా, నీ ముందు నేను ఏడుస్తాను" అని ఆమెను పొదివి పట్టుకుని అన్నంత పనీ చేసేసరికి అనుమానం నిజమని తేలిపోయింది. నిజం చెప్పబోయింది. కానీ ఏడుస్తున్న మనిషిని ఇబ్బంది పెట్టడం మర్యాద కాదు కదా! రేపు చెబుదామనుకుంది.

రేపటికి మంచు కురిసింది. ఆర్లెన్ లేచి చూసేసరికి ఎవరో అతని వాకిట్లో మంచు శుభ్రంగా తోసి వెళ్లిపోయారు. హాట్‌డిష్‌కి పొంగినవాడు దీనికి కుంగిపోయాడు.

"నా మంచు! నన్నడక్కుండా నా మంచు తీసేస్తారా? నేనేమైనా ముసలాడినా, చచ్చిపోతున్నానా?"

సోల్వే బడికి పరుగెత్తింది. అక్కడ మిసెస్ వాంగ్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"కాలేజీకి పంపేశానమ్మా. నాన్న ఆఖరి రోజుల్లో ఆయన పక్కన ఉండడానికి క్లాసు త్యాగం చేశావని నాలుగు మాటలు రాశాను. రాస్తుంటే నాకే కన్నీళ్లాగలేదు."

అబద్ధం బయటపడితే సీటు పోతుంది. బయటపడకపోతే బతికున్న తండ్రిని చంపి సీటు తెచ్చుకున్నట్టవుతుంది. మొదటి దానికంటే రెండోదే సోల్వేను ఎక్కువ భయపెట్టింది.

శనివారం పొద్దున నాన్నకి అంతా చెప్పేద్దామని లేస్తే ఆర్లెన్ ఇంట్లో లేడు. చర్చి కింది హాల్లో పాన్‌కేకులు పెడుతున్నారని తెలిసి ముందే వెళ్లిపోయాడు. సోల్వే కోటు బొత్తాలైనా పెట్టుకోకుండా వెనకాలే పరుగెత్తింది.

హాల్లో గుమ్మం దగ్గర ఒక గాజు సీసా. "కష్టంలో ఉన్న మన మిత్రుడి కోసం" అని దాని మీద రాసి ఉంది. మర్యాద కాదని పేరు రాయలేదు. ఆర్లెన్ జాలిపడి అందులో ఇరవై డాలర్లు వేశాడు.

"ఎవరండీ పాపం?" అని పక్కనే ఉన్న టాలెఫ్‌సన్ మాస్టారిని అడిగాడు.

మాస్టారు ఆర్లెన్ భుజం మీద చెయ్యి వేసి మెల్లగా తట్టాడు. ఆర్లెన్ మూడో పళ్లెం పాన్‌కేకులు తెచ్చుకున్నాడు. "ఈ స్థితిలో కూడా ఎంత బాగా తింటున్నాడో!" అని మార్లిస్ ముక్కు చీదింది.

సోల్వే ఒక కుర్చీ ఎక్కింది. మా ఊళ్లో కుర్చీ ఎక్కి మాట్లాడిన మొదటి మనిషి ఆమేనేమో.

"మా నాన్నకి ఏ జబ్బూ లేదండీ! గుండు పందెంలో ఓడి కొట్టించుకున్నది. నాకు పడవ కట్టాలనుంది, అందుకే కాల్క్యులస్ మానేశాను. మాస్టారికి ఆ మాట చెప్పలేక నాన్నని అడ్డం పెట్టుకున్నాను. నన్ను క్షమించండి."

ఆర్లెన్ ఫోర్కు గాల్లో ఆగిపోయింది.

"అంటే... ఆ ఇరవై డాలర్లూ నాకు నేనే వేసుకున్నానా?"

ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత హాలంతా నవ్వింది. టాలెఫ్‌సన్ మాస్టారు మాత్రం నవ్వలేదు.

"నా క్లాసు మరీ అంత భరించలేనట్టు ఉంటుందా అమ్మా?"

"లేదు మాస్టారూ, బాగానే ఉంటుంది. కానీ నాకు పడవే కావాలి."

"ముప్పై ఏళ్లలో నాతో ఇంత సూటిగా ఎవరూ మాట్లాడలేదు. నువ్వు అనుకున్నంత నొప్పిగా లేదులే," అన్నాడు ఆయన.

సోమవారం మిసెస్ వాంగ్ గదిలోంచే సోల్వే కాలేజీకి ఫోను చేసింది. సీట్లు చూసే ఆవిడకు మొదటినుంచి చివరిదాకా చెప్పి, "నాకు సీటు లేనట్టేనా అండీ?" అని అడిగింది.

"కాల్క్యులస్ అంటే ప్రాణమని దరఖాస్తులో రెండు పేజీలు రాశావు చూడమ్మాయ్," అంది ఆవిడ. "ఇక్కడ ఒక్కళ్లు నమ్మితే ఒట్టు. అందుకే నిన్ను పక్కన పెట్టాం. నీ నోట విన్న మొదటి నిజం ఇదే. ఆ పడవ సంగతి రాసి పంపు, మళ్లీ చూస్తాం."

మార్చిలో సీటు వచ్చింది. సోల్వే రంపం పక్కన పెట్టి, చెక్కపొట్టులో కూర్చుని హాయిగా ఏడ్చింది. సీసాలో డబ్బు వెనక్కి తీసుకోవడం మర్యాద కాదని ఎవరూ తీసుకోకపోతే దాంతో పడవకు వార్నిష్ కొన్నారు. టాలెఫ్‌సన్ మాస్టారు సాయంత్రాలు వచ్చి పడవకు పక్కటెముకల్లా వేసే చెక్కల వంపు లెక్కగట్టి ఇచ్చేవాడు. అది కాల్క్యులసేనని సోల్వేకి తెలుసు, కానీ పైకి అనలేదు.

మే నెలలో పడవను నీళ్లలోకి దింపుతూ ఆర్లెన్ జారిపడి నిజంగానే కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టించుకుని వాకిట్లో కుర్చీ వేసుకుని, హాట్‌డిష్ ఏమైనా తెస్తున్నారేమోనని వచ్చేపోయేవాళ్ల చేతుల వంక ఆశగా చూశాడు. అందరూ ఆగారు, అందరూ ఒక్కటే అడిగారు:

"మీ అమ్మాయి ఈసారి ఏ క్లాసు మానేసింది?"