ఊరందరికీ షుగర్ పంచిన ట్యాబు

బోరింగ్ దగ్గర యాదమ్మ చెప్పగా, పక్కవాళ్లు విని మనదాకా మోసుకొచ్చిన ముచ్చట ఇది: దేవరకొండ అవతల వాళ్ల ఊళ్లో దర్జీ లతీఫ్‌కు తప్ప అందరికీ షుగర్ ఉందట!

అయ్యో అనకండి, సంబరపడండి. ఇదివరకు రోగం బయటపడాలంటే బస్సెక్కాలి, పెద్ద దవాఖానలో చీటీ కోసం పొద్దంతా నిలబడాలి. ఇప్పుడో? ట్యాబే ఊళ్లోకి వచ్చి శిబిరం పెట్టి, వేలు పొడిచి, నిమిషంలో రోగాన్ని చేతిలో పెట్టిపోతోంది. ఇంత మర్యాద ఏ చుట్టం చేస్తాడు?

శనివారం శిబిరానికి ఏమీ తినకుండా రమ్మని ఆరోగ్య కార్యకర్త రమ ముందురోజే ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. తినకుండా ఉండటం ఈ ఊరికి ఒకరు నేర్పాలా? అమృతమ్మ ఇరవై ఏళ్లుగా శనివారం ఒక్కపొద్దే. అంటే పొద్దున అన్నం ముట్టదు. రెండు అరటిపండ్లు, పెద్ద గ్లాసు చాయ్... అవి తిండి కిందికి రావు. వీధి వీధంతా అదే నిష్ఠతో వచ్చి కూర్చుంది. రంజాన్ నెల కనుక లతీఫ్ మాత్రం మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చాడు.

"ఏమన్న తిన్నవా అవ్వా?" అని రమ అడిగింది.

"ఒక్కపొద్దు బిడ్డా, మెతుకు ముట్టలే" అంది అమృతమ్మ.

అప్పుడే రక్తంలోకి దిగిన చాయ్ చక్కెరను సైతం పసిగట్టింది ట్యాబు! అందరికీ ఎర్రగుర్తు, లతీఫ్‌కు పచ్చగుర్తు.

"నీకొక్కనికే లేదంటే ఏదో కతున్నది లతీఫూ" అంది యాదమ్మ.

"కతేం లేదక్కా. షుగర్ లేదు, ఆకలున్నది."

పట్నం నుంచి ట్యాబు తెర మీద కనిపించే డాక్టరు అందరికీ మాత్రలు రాశాడు. చాయ్ చక్కెర మధ్యాహ్నానికే కరిగిపోయింది. మాత్రలు మాత్రం నెలకు సరిపడా మిగిలాయి.

అమృతమ్మ ఒక్క పూటా తప్పకుండా మింగింది. పదోరోజుకు ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. పల్లిచేనులో నడుం వంచితే కళ్లు చీకట్లు కమ్మాయి. నాలుగు రోజులు ఇంట్లోనే పడి ఉంది. రేపు కూడా రాకుంటే ఇంకో మనిషిని పెట్టుకుంటానని కూలీల మేస్త్రి కబురు పంపాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె కూలితోనే.

రమ పరుగున వచ్చి మళ్లీ వేలు పొడిచింది. డెబ్బై రెండు, కింది హద్దుకు రెండే ఎక్కువ. అయినా పచ్చగుర్తు! వణుకు రాసుకోవడానికి ట్యాబులో గడి లేదు. లేని గడిని నింపమంటే పాపం అదెక్కడ నింపుతుంది?

తెర మీద డాక్టరు ముఖం విప్పారింది.

"మీ రిపోర్టు చాలా బాగుందమ్మా. మాత్రలు అలాగే వేసుకోండి."

అమృతమ్మ గోడ పట్టుకుని లేవబోయి, మళ్లీ కూలబడింది.

"బాగున్నది గద సారూ. రేపు పల్లి పీకనీకి గా రిపోర్టునే పంపు."

సిగ్నల్ నిండుగానే ఉంది. డాక్టరు తర్వాతి పేషెంటు కాల్ ఎత్తాడు.