మూడు తాళాల లిఫ్టు

గణగణగణమని గంట మోగింది. ఎక్కడిదో కనబడలేదు, గోడే మోగుతున్నట్టుంది. తరువాత ఆ గోడలోంచే ఒక ఆడగొంతు, "లిఫ్టు ఆగిపోయిందండోయ్!" అన్నది.

లిఫ్టు ఆగడానికి ఫ్యూజు పోతే చాలు. ఆగిన లిఫ్టు ఆగినట్టే ఉండాలంటే మాత్రం రాజ్యాంగం కావాలి. మా భవనానికి అది ఉన్నది.

మేము మూడు జాతులవారం: కొండవారు, రేవువారు, మైదానంవారు. మూడు భాషలు, మూడు లిపులు, ఒకటే లిఫ్టు. నీళ్ల మోటారు ముందు ఎవరు వేయాలన్న చర్చలో బకెట్లు గాలిలోకి లేచిన పిమ్మట, బహుజాతి సమాజాలకు ప్రజాస్వామ్యం కుట్టిపెట్టడంలో నిపుణుడైన ఒక పెద్దమనిషిని పిలిపించాం. ఆయన మెట్లెక్కి వచ్చి, రాజ్యాంగం రాసి, మెట్లు దిగి వెళ్లిపోయారు. (లిఫ్టెక్కమని బతిమాలాం, నవ్వి ఊరుకున్నారు.) దాని ప్రకారం లిఫ్టు యంత్రాల గదికి మూడు తాళాలు, జాతికొక తాళంచెవి. ఏ ఒక్కరు వద్దన్నా ఏ పనీ జరగరాదు. నేటిదాకా ఏ పనీ జరగలేదు గనుక రాజ్యాంగం దివ్యంగా నడుస్తున్నట్టే.

లోపల చిక్కుకున్నది పైఅంతస్తు టైలరమ్మాయి. తల్లి కొండ, తండ్రి రేవు. జనాభా లెక్కల్లో ఇరుజాతులూ ఆమెను తమదిగానే రాసుకున్నాయి. (అందుకే మా భవనంలో మనుషులకన్నా జనాభా ఎక్కువ.) ఆ సాయంత్రమే ఆమెకు పెళ్లి, రిజిస్ట్రారు ఆఫీసు ఐదింటికి మూస్తారు. పెళ్లికొడుకు లిఫ్టు తలుపు ముందే ఉన్నాడు, ఒంటిమీద కొత్త చొక్కా, చేతిలో స్క్రూడ్రైవరు. అతడు మైదానంవాడు, వృత్తికి లిఫ్టు మెకానిక్కు.

"తాళాలు తియ్యండి బాబాయ్, చిటికెలో పని," అన్నాడు మా అధ్యక్షుడితో. అధ్యక్షుడూ మైదానంవారే, రిటైరైన హెడ్మాస్టరు.

"నువ్వు ముట్టుకోకూడదు నాయనా. లోపలి సభ్యురాలి విషయంలో నీకు స్వప్రయోజనం ఉంది."

"ప్రయోజనమేంటండీ, పెళ్లి!"

"మరీ ఘోరం."

అత్యవసర సమావేశం మెట్లమీద కొలువుదీరింది. అధ్యక్షుడు తీర్మానం చదివారు: "లోపలి సభ్యురాలిని మేము బయటకు తీయుదుము."

"మేమంటే?" రేవువారి కార్యదర్శి, పళ్ల డాక్టరు, లేచాడు. "అంటే ఆ పిల్ల మీలో లేదనేగా? ఇక్కడే, మా ముందే వెలేస్తారా?"

"సరే, మనము తీయుదుము."

"మనమంటే ఆ పిల్లా కలిసిందిగా!" కొండవారి కార్యదర్శి, బేకరీ యజమానురాలు, చెయ్యి తిప్పింది. "తనను తీయడానికి తనే ఓటేసుకుంటుందా? బాగుందండీ వరస!"

మేముకూ మనముకూ మధ్యనుండే సర్వనామాన్ని కనిపెట్టడానికి ఉపసంఘం వేశారు.

"ఏదో ఒకటి అనుకుని తియ్యండి బాబూ! ఉడికిపోతున్నా!" అన్నది గోడ.

ఆ కేక మూడు భాషల్లోకి అనువాదమయ్యేవరకు దానిని విన్నట్టుగా భావించరాదని అధ్యక్షుడు గుర్తుచేశారు. ఐదింటికి ఇంకా పావుగంట ఉంది.

పేరు వింటే జాతి తెలిసిపోతుందని సమావేశాల్లో పేర్లు నిషిద్ధం. పెళ్లికొడుకు ఇక ఆగలేకపోయాడు. రెండు చేతులతో తలుపు బాది, గొంతు చించుకున్నాడు: "బుజ్జీ!"

"ఆఁ!" అన్నది లిఫ్టు.

"ఏంటే?" అన్నది కింది అంతస్తు కొండవారి కిటికీ. "వస్తున్నా!" అన్నది రేవువారి వంటగది. "నన్నేనా?" అన్నాడు పళ్ల డాక్టరు. "ఎవర్రా అది?" అని అధ్యక్షుడు సైతం అలవాటుగా పలికి నాలుక కరుచుకున్నారు.

మూడు జాతుల్లోనూ ఇంటికొక బుజ్జి ఉన్నదని ఆ క్షణాన తేలింది. కొందరి కళ్లు చెమర్చాయి. బేకరీ ఆవిడ ఏదో గొప్ప మాట అనబోయి, నిబంధనలు తలచుకుని తమాయించుకుంది.

ఇంతటి సత్యాన్ని రాజ్యాంగం ఉపేక్షించదు. బుజ్జీలను నాలుగో జాతిగా గుర్తించారు, వీటో ఇచ్చారు. యంత్రాల గదికి నాలుగో తాళం బిగించారు. (స్క్రూడ్రైవరు పెళ్లికొడుకుదే.)

"దీని చెవి ఎవరికివ్వాలి?" అన్నారు అధ్యక్షుడు.

ఒక మనిషికి రెండు చెవులుండడం రాజ్యాంగవిరుద్ధం. తక్కిన బుజ్జీలందరికీ తమ తమ జాతుల చెవులు ఉండనే ఉన్నాయి. ఏ ఒక్క జాతికీ పూర్తిగా చెందని బుజ్జి భవనం మొత్తానికి ఒక్కతే. సభ క్షణం కూడా తడుముకోలేదు. మా చరిత్రలో మొట్టమొదటిసారి, ఏకగ్రీవంగా, ఐదింటికి సరిగ్గా, అందరూ లిఫ్టు వైపు చేయి చూపి అన్నారు:

"బుజ్జికి!"