బురుల్ కొన్న వేగం

పొద్దున లేవగానే బురుల్ చేసే మొదటి పని లాప్‌టాప్ మీట నొక్కడం. అది కళ్ళు తెరిచేలోగా ఆవు పాలు పితికేది, కోళ్ళను వదిలేది, టీ పెట్టేది. తిరిగొచ్చి చూస్తే తెర మీద చిన్న చక్రం ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉండేది. కరకోల్ పట్టణంలో పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, వాటిని అందంగా కూర్చడంలో బురుల్‌కి మంచి పేరుంది. ఆలస్యం చేయడంలోనూ అంతే పేరుంది. కాసిమ్ గారి అబ్బాయి పెళ్ళి వేసవి మొదట్లో అయింది. తోటల్లో ఆపిల్ పళ్ళు కోతకొచ్చినా ఆ వీడియో సగంలోనే ఉంది.

ఆ రోజు ఎలాగైనా ఒక సంగతి తేల్చుకోవాలనుకుంది. పాత హార్డ్ డిస్క్ తీసేయించి, వేగంగా పనిచేసే కొత్తది వేయించాలా, వద్దా? కొత్తదాని ధర ఒక గొర్రెపిల్ల ధరంత ఉంది. గొర్రెపిల్లైతే పెరుగుతుంది. డిస్క్ పెరగదు కదా! అంత పోస్తే నిజంగా ఎంత తేడా వస్తుంది? మొగుడు తాలాయ్‌ని అడిగింది.

"నాకేం తెలుసే? నా వ్యాన్‌కి కొత్త ఇంజన్ వేస్తే రోడ్డు మీద గుంతలు పోతాయా? అలాంటిదేనేమో చూసుకో," అన్నాడు తాలాయ్, రొట్టె నములుతూ.

ఈ గుంతల మాట ఆమెను ఇంకా తొలిచింది. బజారులో కంప్యూటర్లు బాగుచేసే ఇస్హార్‌కి ఫోన్ చేసి, కిటికీ దగ్గర నిలబడి గట్టిగా మాట్లాడసాగింది.

కిటికీ అవతల పెరట్లో ఆమె మామగారు షర్షెన్, గుర్రానికి నీళ్ళ బకెట్ తీసుకెళ్తున్నాడు. జీవితమంతా కొండల్లో మందలు కాసిన మనిషి. ఇప్పుడాయనకు మిగిలింది జీర్దే అనే ఒక్క ఎర్ర గుర్రం. అది కూడా ముసలిదైపోయింది. కోడలి మాటలు చెవిన పడి ఆయన ఆగిపోయాడు.

"పాతదానితో ఇక లాభం లేదు అన్నా. లేవడానికే ఆపసోపాలు పడుతోంది. లేచాక ఒకటే మూలుగు... కొత్తది నిజంగా అంత పరుగెడుతుందా? చూడకుండా ఎలా నమ్మమంటావ్?... పాతదాన్నేం చేస్తావ్? పొట్ట విప్పి లోపలివన్నీ అమ్ముకుంటావా?... సరే, రేపు తెస్తాలే. మా మామయ్యకి మాత్రం చెప్పకు. ఆయనకి పాతవంటే ప్రాణం."

షర్షెన్ చేతిలో బకెట్ ఒరిగి నీళ్ళు బూట్ల మీద పడ్డాయి. జీర్దే వైపు చూశాడు. అది తీరిగ్గా గడ్డి నములుతోంది. ముసలి గుర్రాలను మాంసానికి కోయడం ఆ కొండల్లో మామూలే.

మరుక్షణం ఆయన దాన్ని విప్పి, వెనక తోటలోంచి నడిపించుకెళ్ళి, పాత మిత్రుడి దొడ్లో కట్టేశాడు. "ఎవరడిగినా చూళ్ళేదను," అని మాట తీసుకున్నాడు. ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి, దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. సొంత కూతురికన్నా ఎక్కువ అనుకున్న కోడలు!

కాసేపటికి బురుల్ గడ్డి వేద్దామని గుర్రప్పాకలోకి వెళ్ళింది. గుర్రం లేదు. ఎవరో ఎత్తుకెళ్ళారనుకుంది. లోపలికొచ్చి చూస్తే మామగారు ఆదమరిచి నిద్రపోతున్నారు. ఈ సంగతి తెలిస్తే ఆయన బతకరనుకుని, అడుగు చప్పుడు కాకుండా బయటికొచ్చి, మొగుణ్ణి కిటికీ పక్కన ఆపి చెవిలో సంగతి చెప్పింది.

"మెల్లగా మాట్లాడు. మామయ్యకి తెలియకూడదు," అంది.

"తెలిసేలోగా పని అయిపోవాలి," అన్నాడు తాలాయ్. "నలుగుర్నీ పోగేస్తా. తాళ్ళు తీసుకురమ్మంటా."

దుప్పటి కింద షర్షెన్ ఒక్కొక్క మాటా విన్నాడు. లేచి తలుపు గడియ పెట్టుకుని, కిటికీ తెర సందులోంచి చూశాడు. గేటు దగ్గర ఇరుగుపొరుగు మగాళ్ళు తాళ్ళూ కొరడాలూ పట్టుకుని గుసగుసలాడుతున్నారు. ఒక్క గుర్రాన్ని కోయడానికి ఇంతమందా అనుకుని ఒళ్ళు మండిపోయింది ఆయనకు.

వాళ్ళు వీధి చివరిదాకా వెళ్ళారో లేదో, ఎర్ర గుర్రం మీద ఒక పెద్దమనిషి ఎదురొచ్చాడు. పొద్దు ఎదురుగా ఉండి మొహం సరిగ్గా కనిపించలేదు. గుర్రం రంగొక్కటే కనిపించింది. "అదిగో, పట్టుకోండి!" అన్నాడొకడు. అంతే. తలో వైపు నుంచీ పడి, ఆయన్ని జీను మీంచి దించి, టోపీ ఒక చోటా మనిషి ఒక చోటా అయ్యేలా చేసి, గుర్రంతో సహా బురుల్ పెరట్లోకి లాక్కొచ్చారు.

బురుల్ ఆయన మొహం చూసి నోరు నొక్కుకుంది. ఆయన కాసిమ్. వీడియో ఏమైందో కనుక్కుందామని బయల్దేరాడు.

"వీడియో ఇవ్వరు, పైగా నన్ను దొంగనంటారా?" అని గర్జించాడు కాసిమ్. "నా గుర్రం మీద నేనొస్తే దొంగనా!"

సరిగ్గా అప్పుడే తలుపు ధడాలున తెరుచుకుంది. వట్టి కాళ్ళతో షర్షెన్ దూసుకొచ్చి, తాళ్ళ మధ్య నిలబడ్డ ఎర్ర గుర్రం మెడను వాటేసుకున్నాడు.

"ముందు నన్ను కోయండి! తర్వాతే దీన్ని కోయండి!"

కాసిమ్ మొహం పాలిపోయింది. "కోయడమేమిటి? నా గుర్రాన్నా?"

షర్షెన్ గుర్రం మెడ నిమురుతూ ఆగాడు. జూలు పొట్టిగా ఉంది. పళ్ళు చూశాడు. వయసులో ఉన్న గుర్రం. మెల్లగా చేతులు తీసేసుకుని, "మరి మా జీర్దేని కోయడానికి కాదా ఈ తాళ్ళు?" అన్నాడు.

"జీర్దేని ఎవరో ఎత్తుకెళ్ళారు మామయ్యా!" అని బురుల్ భోరుమంది.

"నేనే దాచాను. నువ్వు దాని పొట్ట విప్పిస్తానన్నావుగా!"

బురుల్ ఒక్క క్షణం అయోమయంగా చూసింది. తర్వాత ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చి నేల మీద కూలబడింది. లాప్‌టాప్ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టి, "నేనన్న ముసలిది ఇదీ," అంది. షర్షెన్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "నిజమే. మూలుగుతోంది," అని ఒప్పుకున్నాడు. ఇరుగుపొరుగువాళ్ళు పడీపడీ నవ్వారు. కాసిమ్ మాత్రం నవ్వలేదు. టోపీ దులుపుకుని, "శుక్రవారానికి నా వీడియో కావాలి," అని గుర్రమెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఇస్హార్ కొట్టుకు మామా కోడలూ కలిసే వెళ్ళారు. "పరిగెత్తించి చూడకుండా ఎవరైనా కొంటారా?" అని షర్షెన్ పట్టుబట్టాడు. చేసేది లేక ఇస్హార్, కొత్త డిస్క్ ఉన్న మరో లాప్‌టాప్ పక్కన బురుల్‌దాన్ని పెట్టి, రెండింటి మీటలూ ఒకేసారి నొక్కాడు. కొత్తది కళ్ళు మూసి తెరిచేలోగా సిద్ధమైంది. పాతది చక్రం తిప్పుతూ ఉండిపోయింది.

"ఏమిటి తేడా? లోపలేముంది?" అన్నాడు షర్షెన్, ముందుకు వంగి.

"పాతదాంట్లో పళ్ళెం తిరుగుతుంది తాతా. దాని మీద ఒక ముల్లు అటూ ఇటూ వెతుకుతుంది. కొత్తదాంట్లో తిరిగేదేమీ లేదు."

"కదలకుండానే పరుగెడుతుందా!" ముసలాయన ఆ మాట నమ్మడానికి ఇంకో రెండుసార్లు నొక్కించి చూశాడు. తర్వాత కోడలి వైపు తిరిగి, "కొనమ్మా," అన్నాడు.

నెలల తరబడి సాగిన పని రెండు రోజుల్లో ముగిసింది. గురువారం సాయంత్రమే బురుల్ గర్వంగా కాసిమ్ ఇంటికి వీడియో పట్టుకెళ్ళింది. తోడుగా షర్షెన్ కూడా వెళ్ళాడు. కాసిమ్ చూడటం పూర్తిచేసి గడ్డం గోక్కున్నాడు.

"రెండ్రోజుల్లో అయిపోయిందా?"

"అవునండీ. కొత్త డిస్క్ వేయించాను."

"అంటే గబగబా చుట్టేశావన్నమాట. మేమిచ్చేది రెండ్రోజుల పనికి కాదమ్మా. అక్కడక్కడ ఏదో లోటుగానే ఉంది."

బురుల్ నోరు తెరవబోయింది. షర్షెన్ ఆమె చెయ్యి నొక్కి, "మీ కన్ను గొప్పది కాసిమ్," అన్నాడు. "ఇంకో నెల కష్టపడుతుందిలెండి."

నెల తర్వాత కాసిమ్ అదే వీడియో చూసి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇదీ పనంటే!" అని చుట్టాలందరికీ బురుల్ పేరు చెప్పాడు.

కొత్త డిస్క్ ఆ ధరకు తగినదేనా అని ఇప్పుడెవరైనా అడిగితే, ముమ్మాటికీ తగినదేనంటుంది బురుల్. ఆ నెలంతా ఆమె లాప్‌టాప్ మూతైనా తెరవలేదు.