బొట్టుబిళ్ళల తీర్మానం

ఆ ఉదయం వైస్ ఛాన్సలర్ శశికాంత్ గారు వేసుకున్న పథకం చాలా సులువైనది. నరసరావుపేట శివారులోని ఆ ప్రైవేటు యూనివర్సిటీకి వచ్చే ఐదేళ్ళలో ఏది ముఖ్యమో ఆచార్యులే తేల్చాలి. గోడకు పనికొకటి చొప్పున నాలుగు చార్టులు కట్టారు. మనిషికి మూడు చుక్కల స్టిక్కర్లు ఇస్తారు. నచ్చిన చార్టు మీద అంటించాలి. చుక్కలు పడని పనికి ఐదేళ్ళూ పైసా రాదు.

లైబ్రేరియన్ ఝాన్సీలక్ష్మికి ఆ చివరి మాటే గుబులుగా ఉంది. లైబ్రరీలోని రీడింగ్ రూమ్ కప్పు కారుతోంది. రొంపిచెర్ల బస్సు వచ్చేదాకా పిల్లలు అక్కడే, బకెట్ల మధ్య కూర్చుని చదువుకుంటారు.

గుంటూరు నుంచి రావలసిన స్టిక్కర్లు రాలేదు. రిజిస్ట్రార్ పుల్లారావు ఫ్యాన్సీ షాపుకు వెళ్ళి ఎర్రటి బొట్టుబిళ్ళలు తెచ్చాడు.

"ఇయ్యేంది సార్?" అంది ఝాన్సీలక్ష్మి.

"గుండ్రంగా ఉన్నయ్యా లేదా? జిగురుందా లేదా? ఇంకేం కావాలమ్మా!"

ఇంతలో ఫోను వచ్చి వీసీ గారు వరండాలోకి వెళ్ళారు. ఫిజిక్స్ ఉపేంద్ర చెమట తుడుచుకోగానే ఒక బిళ్ళ నుదుటికి అతుక్కుంది. "మాస్టారూ, మీ ఓటు నుదుటనే రాసిపెట్టుంది" అన్నారెవరో.

అందరికంటే పెద్దవారు సుబ్బరామయ్య గారు ముందుగా లేచారు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయారు. తలుపు పక్కన అటెండరు అంటించిన కాగితం ఉంది: "ముందుగా టిఫిన్: రీడింగ్ రూమ్." ఆయన తన మూడు బిళ్ళలనూ దాని నడుమ అంటించి వచ్చి కూర్చున్నారు.

"పెద్దాయన అక్కడ పెట్టాడేంది?" ఉపేంద్ర గొణిగాడు.

"వీసీ గారు ముందే చెవిలో ఊది ఉంటార్లే. ఊరికే పెడతాడా?" అన్నాడు పుల్లారావు.

ఆ మాట వరసంతా పాకింది. అందరూ లేచి, ఆయన బిళ్ళల చుట్టూ తమవీ అంటించారు.

"సార్, అది టిఫిన్ కాగితం!" అంది ఝాన్సీలక్ష్మి.

"నీకు చానా తెలుసులేమ్మా" అన్నాడు పుల్లారావు. ఆమె తన మూడింటినీ 'లైబ్రరీ' చార్టు మీద అంటించింది. ఆ చార్టుకు పడినవి అవే. పుల్లారావు వెంటనే గెలిచిన కాగితాన్ని ఫోటో తీసి, మాచర్లలో ఉన్న ఛైర్మన్ బ్రహ్మయ్య గారికి పంపాడు.

తిరిగి వచ్చిన వీసీ గారు బిళ్ళల అంచులు ఎత్తి, కింద ఉన్నది చదివి నీరుగారిపోయారు. "ఐదేళ్ళకు మన లక్ష్యం టిఫినా!"

అంతలోనే ఛైర్మన్ గారి ఫోను.

"ఏందయ్యా శశికాంత్, ముందుగా రీడింగ్ రూమ్ అన్నారంట అందరూ! మీ మేష్టర్లకు ఇంత బుద్ధుందని అనుకోలా. రేపే మేస్త్రీని పంపిస్తా. ఆ కారే కప్పు తీసేసి కొత్తది ఏయించు."

వీసీ గారు పుల్లారావు ఫోనులో ఉన్న ఫోటో చూశారు. 'టిఫిన్' అన్న మాట బొట్టుబిళ్ళల కింద పూర్తిగా మునిగిపోయింది.

"అవునండీ" అన్నారాయన గొంతు సవరించుకుని. "దాదాపు అందరి మాటా అదే."

దాదాపు అన్నారు గనుక ఆ తేడా చూపించాలి. కప్పు వేయించాలన్న తీర్మానంతో ఏకీభవించనిది లైబ్రేరియన్ ఝాన్సీలక్ష్మి ఒక్కరేనని పుల్లారావు మినిట్స్‌లో రాశాడు.