వివరణ ఉండగా పాటెందుకు దండగ!

పాట వినడమంత దండగమారి పని ఇంకొకటి లేదు! పాట గురించి వినండి, చాలు. ఈ మాట అంటున్నది ఎవరో కాదు. కచేరీ మొదలయ్యే ముందు మైకు పట్టుకుని, వాయించబోయేదాని నిర్మాణం, శైలి, అంతరార్థం మీకు విప్పి చెప్పే మనిషిని. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతానని మా బామ్మర్ది ఊరంతా చెబుతుంటాడు. ఈకలున్నాయని నేను నిరూపించగలను, అది వేరే సంగతి.

విశ్లేషణలో ఎంత సుఖముందో ఎప్పుడైనా ఆలోచించారా? పాట వింటే పాత సంగతులు గుర్తొస్తాయి, కళ్లు చెమరుస్తాయి, రాత్రి నిద్ర పట్టదు. అదే విశ్లేషణ వింటే? హాల్లోనే పడుతుంది! ఓసారి బామ్మర్ది తన చంటిపాపకు జోలపాట పాడమన్నాడు. జోలపాటలో పల్లవి మళ్లీ మళ్లీ ఎందుకొస్తుందో వివరించాను. పాటతో అవసరమే పడలేదు. పాపతో పాటు వాడూ పడుకున్నాడు.

మొన్నటి కచేరీలో వయొలిన్ ఆవిడ కమాను పట్టుకుని నా పక్కనే నిలబడింది. నేనింకా మొదటి స్వరం దగ్గరే ఉన్నాను. ఆవిడ కుర్చీ తెప్పించుకుంది. తర్వాత కాఫీ తెప్పించుకుంది. నేను ముగించగానే జనం చప్పట్లు కొట్టి, బ్యాగులు సర్దుకుని, పార్కింగ్‌లో రద్దీ కాకముందే ఇళ్లకు వెళ్లిపోయారు. సంగీతం ఏదని ఒక్కరైనా అడిగారా? లేదే!

మా ఆవిడ కూరగాయలు తరుగుతూ కూనిరాగం తీసేది. రెండో భాగం బలహీనంగా ఉందని చెప్పాను. మంచికే కదా చెప్పాను! ఇప్పుడు వంటింట్లోంచి కత్తి చప్పుడే వినిపిస్తుంది. తాళం తప్పదు, కాస్త గట్టిగా ఉంటుందంతే.

ఇక మా అమ్మాయి. వెనక గదిలో తలుపేసుకుని, నెలల తరబడి కూర్చుని, పియానో మీద సొంతంగా ఓ బాణీ కట్టింది. ఆదివారం పొద్దున్నే నన్ను పిలిచి కుర్చీ వేసింది.

"నీ కోసమే కట్టాను నాన్నా. మొదట నువ్వే వినాలి."

వాయించింది. మధ్యలో ఓ చోట ఠక్కున ఆగింది. మళ్లీ అందుకుంది. చివరి స్వరం ఇంకా మోగుతుండగానే నేను లేచాను.

"భేష్! మూడు భాగాల నిర్మాణం. శైలి కాస్త పాతది, పర్లేదు. కానీ మధ్యలో ఆ మౌనం ఉంది చూశావూ, అది మానవుడి ఒంటరితనానికి..."

"కాదు నాన్నా. అక్కడ నీ మొహం చూద్దామని ఆగాను. నువ్వు వేళ్ల మీద తాళం లెక్కపెట్టుకుంటున్నావు."

పియానో మూత వేసేసింది. కోప్పడినా బాగుండేది. కోప్పడలేదు.

అయినా సరే పాఠకులారా, విశ్లేషణ గొప్ప వరం! నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. ప్రస్తుతానికి వెనక గది తలుపు బయట, చప్పుడు కాకుండా చెప్పులు విప్పి మరీ నిలబడి ఉన్నాను. లోపల అమ్మాయి వాళ్లమ్మకు అదే బాణీ వినిపిస్తోంది. వేళ్లు జేబులో దాచుకున్నాను. ఎంత బాగుందో చెబుదామంటే, ఇంత నోరున్న నాకు ఒక్క మాట దొరకడం లేదు.

ఇదిగో, ఆ చోటు వస్తోంది. చెవి తలుపుకు ఆనించాను.

ఆగలేదు. ఆ మౌనం తీసేసి, సాఫీగా వాయించుకుపోయింది. నా మొహం చూసే పని ఇక లేదుగా.