రామాపురం బోర్డు

ఆ రోజు సర్పంచ్ భాగ్యలక్ష్మి పెట్టుకున్న పని చాలా చిన్నది. సాయంత్రం నకిరేకల్ నుంచి ఊరికి మొట్టమొదటి బస్సు వస్తోంది. ఆ దారిలో రామాపురాలు మూడున్నాయి కనుక, డ్రైవర్ గుర్తుపట్టేలా మలుపులో బోర్డు ఉండాలని, లేకపోతే బస్సే రద్దని డిపోవాళ్లు తేల్చి చెప్పారు. ఆడపిల్లలు కాలేజీకి ఆటోలకు వేలాడుతూ పోవడం చూడలేక, బస్సు తెస్తానని ఒట్టేసి గెలిచిన మనిషి ఆమె. ఇది తప్పిందంటే ఊళ్లో తలెత్తుకు తిరగలేదు.

పెయింటర్ లింగస్వామి పొద్దున్నే "రామాపురం" అని రాసి నిచ్చెన దిగుతుంటే, ఆమె బుద్ధే గడ్డి తిన్నది. "కింద జాగా మిగిలింది గద తమ్మీ. ఊరికి గీ పేరు ఎట్ల వచ్చిందో ఒక లైను రాయరాదు?" అంది.

"ఎట్ల వచ్చిందక్కా?"

అది ఆమెకూ తెలియదు. గొర్రెలను తోలుకుపోతున్న గోపమ్మను ఆపి అడిగింది.

"గదేం అడుగుడు బిడ్డా! మా ముత్తాత రాములు ఈడ మొదలు మంద పెట్టిండు. ఆయన పేరే ఊరికొచ్చె."

లింగస్వామి రాశాడు. రంగు ఆరకముందే మగ్గం వదిలేసి రామచంద్రయ్య పరిగెత్తుకొచ్చాడు. "మంద పెడితే ఊరైతదా? తెల్లారితే లేచిపోతది మంద! మా తాత రామయ్య మగ్గం గుంత తవ్విండు. గుంత తవ్వినోడు యాడికన్న పోతడా? చెరిపెయ్!"

చెరిపి రాశారు. గోపమ్మ మందనంతా తెచ్చి బోర్డు చుట్టూ నిలబెట్టింది. రామచంద్రయ్య వాడకట్టువాళ్లు నిచ్చెన గుంజుకుని దానిమీదే కూర్చున్నారు. భాగ్యలక్ష్మికి ఏడుపొక్కటే తక్కువ. నోరు మూసుకుని ఉంటే ఈపాటికి ఇంట్లో హాయిగా అన్నం తింటుండేదాన్ని కదా అని తనను తానే తిట్టుకుంది.

అప్పుడు కనిపించాడు గుర్వయ్య. ఊరూరా బొమ్మల పటం విప్పి కథలు చెప్పేవాడు, ఇంటింటి వంశమూ నోటికొచ్చినవాడు. అతను ఏది చెబితే అదేనని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. అన్నం పెట్టిన ఇంటి వంశాన్ని పొగడటం అతని ఆచారమన్న సంగతి ఆ కోపంలో అందరూ మరిచారు. రామచంద్రయ్య ఇంట్లో పప్పన్నం తిని, ఊరు కట్టింది రామయ్యేనని పాడాడు. గోపమ్మ ఊరుకుంటుందా? మందలోంచి పొట్టేలును కోయించి యాటకూర వండింది. తిని లేచి, రాములు లేకపోతే ఈ ఊరే లేదని అంతకన్నా గట్టిగా పాడాడు.

"గిదేంది గుర్వయ్యా? ఒక్కదినంల రెండు మాటలా?" అని భాగ్యలక్ష్మి నెత్తి పట్టుకుంది.

"తిన్న ఇంటి పేరు పాడకుంటే ఎట్లమ్మా? నిరుడు పక్క రామాపురంల కోడికూర పెట్టిన్రు. గా ఊరు కట్టింది వాళ్ల తాతనే!"

పొద్దు వాలింది. "మీ తాతలకో దండం!" అంటూ లింగస్వామి బోర్డంతా తెల్లరంగు పూసేసి బండెక్కాడు. "ఊరి పేరన్న ఉంచు తమ్మీ!" అని ఆమె వెనక పరిగెత్తినా ఆగలేదు. అంతలోనే బస్సు హారన్ వినిపించింది.

బస్సు దిగిన డిపో కంట్రోలర్ ఆ తెల్లబోర్డును ఎగాదిగా చూశాడు. భాగ్యలక్ష్మి బోర్డుకు అడ్డంగా నిలబడబోయింది.

"వచ్చే తొవ్వల రెండు రామాపురాలు చూసినం మేడం. రెండింటికీ ఒక్కతీరు బోర్డులే, రెండింటి మీదా ఎవలిదో తాత కథనే. ఏది ఏదో మా డ్రైవర్‌కు తెలుస్తలేదు. మీదే నయం, దూరం నుంచే గుర్తుపడ్తం. దీన్ని ముట్టకుండ్రి!"

అలా టికెట్ మీద "తెల్లబోర్డు రామాపురం" అని పడింది. ఆర్నెల్లు తిరిగేసరికి రామాపురం అన్న మాట రాలిపోయి, ఊరు ఒట్టి తెల్లబోర్డు అయి కూర్చుంది. ఆ పేరు ఎలా వచ్చిందని ఎవరడిగినా గోపమ్మ, రామచంద్రయ్య ఏ తగాదా లేకుండా ఇద్దరూ భాగ్యలక్ష్మి ఇంటివైపే వేలు చూపిస్తారు.

గుర్వయ్య అన్నం వేళకు ఊళ్లోకి వచ్చాడంటే మాత్రం ఆమె తలుపు గొళ్లెం పెట్టుకుంటుంది.